పీసీపీ రైఫిల్‌కి గాలి ఎక్కడం లేదు, ఎంత కొట్టినా ముల్లు లేవదు – నెల్లూరు

పెన్నా_గట్టు
కాగితం మీద గురి చూసుకోవడానికి కొన్న .177 (4.5 మి.మీ. గొట్టం) పీసీపీ, అంటే ట్యాంక్‌లో ముందే గాలి నింపుకుని కాల్చే ఎయిర్ రైఫిల్. 200 బార్ (గాలి ఒత్తిడి లెక్క) దాకా నింపుకోవచ్చు. వానాకాలమంతా బీరువా మీదే పడి ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. నిన్న దించి చూస్తే గేజ్ సున్నా. సరే అని హ్యాండ్ పంపు తగిలించి మొదలుపెట్టాను. చొక్కా తడిసి ముద్దయింది గానీ రైఫిల్ గేజ్ ముల్లు కదిలితే ఒట్టు. పంపు గేజ్ కాస్త లేచి మళ్ళీ పడిపోతోంది. ఎక్కడో సుయ్యిమని శబ్దం. అమ్మిన షాపాయన ఫోన్‌లో "పంపు పోయింది, కొత్తది తీసుకోండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. పంపంటే మామూలు ఖర్చు కాదు కదా, కొనేముందు ఇక్కడ అడుగుదామని.

దర్గామిట్ట_డేగ
షాపాయన అట్టా కాక ఇంకెట్టా చెప్తాడు. అమ్మేది పంపులే గదా.

ఒంగోలు_గిత్త
వాల్వ్ పోయుంటుంది. మొత్తం విప్పేసి ఓ-రింగులన్నీ (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగులు) మార్చెయ్. సీల్ కిట్ దొరుకుతుంది, సగం పూట పని.

పదిమీటర్లు
గిత్త గారూ, జబ్బేందో తెలియకుండానే ఆపరేషనా?
పెన్నా, ఆ సుయ్యిమనేది ఎక్కడ నుంచి వస్తోంది? ప్రోబ్ (రైఫిల్‌లోకి దూర్చే పంపు గొట్టం కొస) దగ్గరా, పంపు అడుగునా, బ్యారెల్ మూతి నుంచా? ఇది తెలియకుండా ఎవరేం చెప్పినా సోదే.

పెన్నా_గట్టు
ఫ్యాన్ ఆపి విన్నాను. రైఫిల్ ముందు వైపు నుంచే అనిపిస్తోంది. ప్రోబ్ కూడా ముందువైపే ఉంది కాబట్టి ఖచ్చితంగా చెప్పలేను.

పదిమీటర్లు
ముందు లోపల పెల్లెట్ (సీసం గుండు) లేదని రూఢి చేసుకో. తర్వాత బ్యారెల్ మూతికి సబ్బు నురగ రాసి, ఇంట్లో ఎవరినైనా పంపు కొట్టమను. బుడగ ఉబ్బితే గాలి వాల్వ్ గుండా బ్యారెల్‌లోకి పోతున్నట్టు. పక్కనుంచి చూడు, మూతికి ఎదురుగా మొహం పెట్టొద్దు.

గెలాక్సీ_నల్లరాయి
చీమకుర్తి నుంచి. ఇంత కష్టం ఎందుకన్నా, మా క్వారీలో కంప్రెసర్ ఉంది, లారీ అంత ఉంటుంది. దానికి తగిలిస్తే క్షణంలో నిండదా? అడుగుతున్నా, నాకూ ఒక పీసీపీ కొనాలని ఉంది.

దర్గామిట్ట_డేగ
మా వీధి చివర పంక్చర్ షాపాయన్ని కూడా పిలుద్దాం నల్లరాయీ.

పదిమీటర్లు
నల్లరాయి అడిగింది నవ్వుకునే ప్రశ్నేం కాదు, చాలామందికి ఈ అనుమానం ఉంటుంది. క్వారీలో డ్రిల్లింగ్‌కి వాడే కంప్రెసర్ గాలి ఎక్కువ ఇస్తుంది, ఒత్తిడి మాత్రం 7 బార్ చుట్టూనే. పంక్చర్ షాపుది ఇంచుమించు 10. మార్కాపురం వైపు తిరిగే బోరు బండ్లది 20, 25 దాకా పోతుంది. మనకి కావాల్సింది 200. నిమిషానికి ఎంత గాలి ఇస్తుందన్నది వేరే లెక్క, ఎంత ఒత్తిడి దాకా నొక్కగలదన్నది వేరే లెక్క. హ్యాండ్ పంపు మూడు అంచెల్లో నొక్కుతుంది కాబట్టే మనిషి చేత్తో 200 దాటించగలుగుతున్నాడు.

పలకల_పొదిలి
బోరు బండి తెచ్చి ఇంటిముందు పెడితే వీధంతా వచ్చి నీళ్ళు ఎన్ని అడుగుల్లో పడ్డాయని అడుగుతారు.

రొయ్యల_రేవు
మాకు హేచరీ దగ్గర సీడ్ ప్యాకింగ్‌కి ఆక్సిజన్ సిలిండర్లు ఎప్పుడూ ఉంటాయి. నిండు సిలిండర్ 150 బార్ ఉంటుంది. 200 కాకపోయినా 150 చాలు కదా, దాన్నుంచి పట్టుకోవచ్చా?

పదిమీటర్లు
వద్దు వద్దు వద్దు.

వేదిక_పెద్ద
రొయ్యల_రేవు గారి పోస్టు తీసేద్దామనుకుని ఉంచేశాను, చదివినవాళ్ళకి జవాబు కూడా తెలియాలని. రైఫిల్‌లోకి ఆక్సిజన్ ఎక్కించకూడదు. అంత ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కి లోపల గ్రీజు గానీ నూనె తడి గానీ తగిలితే నిప్పు లేకుండానే అంటుకుంటుంది, ట్యాంక్ పేలుతుంది. పట్టుకున్నవాడి చేయి, మొహం పోతాయి. మామూలు గాలి తప్ప ఇంకేదీ వద్దు. వెల్డింగ్ షాపు సిలిండర్లకీ ఇదే మాట.

రొయ్యల_రేవు
అమ్మో. అడగడం మంచిదైంది. మా తమ్ముడు ఆల్రెడీ అడాప్టర్ కోసం వెతుకుతున్నాడు.

పెన్నా_గట్టు
మా బామ్మర్ది పంపు కొట్టాడు, నేను చూశాను. బ్యారెల్ మూతి మీద బుడగ జామకాయంత ఉబ్బి పగిలింది. ప్రోబ్ దగ్గర నురగ కదల్లేదు. అంటే వాల్వ్ పోయినట్టేనా? గిత్త గారు చెప్పిందే నిజమా?

ఒంగోలు_గిత్త
చెప్పాను కదా.

పదిమీటర్లు
తొందరపడొద్దు. ట్యాంక్ పూర్తిగా ఖాళీ అయిన పీసీపీకి ఇది జబ్బు కాదు. మామూలుగా ట్యాంక్‌లో ఉన్న గాలే వాల్వ్‌ని వెనకనుంచి నొక్కి మూసి ఉంచుతుంది. గాలి సున్నాకి వచ్చేసరికి ఆ బలం పోతుంది. ఇటువైపు హ్యామర్ (ట్రిగ్గర్ నొక్కితే వాల్వ్‌ని కొట్టి తెరిచేది) స్ప్రింగ్ మాత్రం వాల్వ్ కాడ మీద ఆనుకునే ఉంటుంది, దాన్ని కాస్త తెరిచి పెడుతుంది. నువ్వు కొట్టే గాలి కొట్టినట్టే బ్యారెల్‌లోంచి బయటికి పోతోంది.
చేయాల్సింది ఇదీ. పెల్లెట్ లేకుండా బోల్ట్ వెనక్కి లాగి కాక్ చెయ్యి. హ్యామర్ వెనక్కి పోయి చిక్కుకుంటుంది, వాల్వ్ మీద బరువు పోతుంది. సేఫ్టీ పెట్టు, మూతి గోడ వైపు ఉంచు, ట్రిగ్గర్ జోలికి పోవద్దు. ఇప్పుడు మొదటి స్ట్రోకులు ఆగకుండా గబగబా కొట్టాలి. మెల్లగా కొడితే వాల్వ్ సీటు మీద కూర్చునేంత ఊపు రాదు. ఒకసారి పట్టుకుందంటే 50, 60 బార్ దాటాక దానంతట అదే గట్టిగా మూసుకుంటుంది, అప్పటినుంచి నిదానంగా కొట్టుకోవచ్చు.

దర్గామిట్ట_డేగ
ఇది నిజం. నాది కూడా ఎండాకాలం సెలవులకి ఊరెళ్ళి వచ్చేసరికి ఇట్టాగే అయింది. నాకు కాక్ చేసినా పట్టలేదు. పెద్ద సిలిండర్ ఉన్న ఫ్రెండ్ దగ్గర ఒక్కసారిగా గాలి వదిలితే టక్కున మూసుకుంది.

పెన్నా_గట్టు
పట్టింది! కాక్ చేసి బామ్మర్దిని గబగబా కొట్టమంటే సుయ్యి శబ్దం ఆగిపోయింది. ముల్లు లేచింది. 150 దాకా తెచ్చాం, ఇక ఇద్దరికీ ఓపిక లేదు. మిగతాది రేపు.

పలకల_పొదిలి
బామ్మర్దికి బిర్యానీ బాకీ.

గెలాక్సీ_నల్లరాయి
అదిరింది. ఇంక క్లోజ్ చెయ్యొచ్చా టాపిక్?

పెన్నా_గట్టు
క్లోజ్ కాదు. పొద్దున చూస్తే 90. బ్యారెల్ మూతికి నురగ రాసి చూశాను, ఇప్పుడు అక్కడ ఏమీ లేదు. మరి 60 బార్ యాడికి పోయింది?

ఒంగోలు_గిత్త
గాలి చల్లారితే తగ్గుతుంది అంటారు ఇప్పుడు పదిమీటర్లు గారు. నేను మాత్రం లీకే అంటాను.

పదిమీటర్లు
ఈసారి గిత్త గారితో ఏకీభవిస్తున్నా. చల్లారితే తగ్గడం నిజమే గానీ ఇంత తగ్గదు. పంపు కొట్టినప్పుడు ట్యాంక్ వేడెక్కి 45 డిగ్రీలుంది, చల్లారి 30కి వచ్చింది అనుకుందాం. 200 బార్ కాస్తా 190 అవుతుంది, అంతే. కొట్టిన వెంటనే 200 చూసి, గంట తర్వాత 190 చూసి భయపడేవాళ్ళకి ఆ లెక్క చెప్పాలి. 150 నుంచి 90 అంటే ఎక్కడో పోతోంది.
గాలి నింపే రంధ్రం దగ్గర సబ్బు పెట్టి చూశావా? ప్రోబ్ తీసేశాక.

పెన్నా_గట్టు
ఇప్పుడే చూశాను. ఆ రంధ్రంలోంచి నెమ్మదిగా ఒక్కో బుడగ వస్తోంది. గేజ్ చుట్టూ ఏమీ లేదు.

పదిమీటర్లు
దొరికింది. చెక్ వాల్వ్. గాలిని లోపలికి మాత్రమే పోనిచ్చే వాల్వ్ అది. దాని ఓ-రింగ్ నలిగి ఉంటుంది, లేదా చిన్న ఇసుక రేణువు అడ్డం పడి ఉంటుంది. ముందు తేలిక పని చూడు. మళ్ళీ ప్రోబ్ పెట్టి ట్యాంక్‌లో ఉన్నదానికంటే కొంచెం పైకి కొట్టి, పంపు మీది బ్లీడ్ స్క్రూ (గొట్టంలో గాలి వదిలేది) ఒక్కసారిగా తిప్పి వదులు. ఒక్కోసారి ఆ విసురుకి చెక్ వాల్వ్ సరిగ్గా కూర్చుంటుంది. కూర్చోకపోతే విప్పక తప్పదు.

దర్గామిట్ట_డేగ
పదిమీటర్లు, ఒక డౌటు. నేను పంపు తగిలించి కొడితే పంపు గేజ్ చకచకా 120కి పోతుంది, రైఫిల్ గేజ్ కదలదు. తర్వాత రెండూ నిదానంగా కలిసి లేస్తాయి. ఇది కూడా చెక్ వాల్వ్ సమస్యేనా?

పదిమీటర్లు
కాదు, అట్టాగే ఉండాలి. పంపు గేజ్ చూపించేది గొట్టంలో ఉన్న ఒత్తిడి. గొట్టంలో చోటు ఎంత, వేలెడంత. అందుకే వెంటనే నిండుతుంది. ట్యాంక్‌లో 120 ఉంటే గొట్టంలో 120 దాటేదాకా చెక్ వాల్వ్ తెరుచుకోదు. తెరుచుకున్నాక రెండు ముళ్ళూ కలిసి నడుస్తాయి. పంపు గేజ్ 200 చూపిస్తూ రైఫిల్ ముల్లు మాత్రం అసలు కదలకపోతే అనుమానించు. అప్పుడు ప్రోబ్ పూర్తిగా లోపలికి పోలేదనో, చెక్ వాల్వ్ బిగుసుకుపోయిందనో, రైఫిల్ గేజే ఆగిపోయిందనో అర్థం. అలాంటప్పుడు ఇంకా ఇంకా కొట్టకూడదు, ఆపేసి గాలి వదలాలి.

ఒంగోలు_గిత్త
రైఫిల్ మీద ఉండే ఆ చిన్న గేజ్‌ని నమ్మడమే దండగ. పది బార్ అటూ ఇటూ చూపిస్తుంది. నేను పంపు గేజ్‌నే చూస్తా.

పలకల_పొదిలి
నా పంపు గేజ్ మీద 20 అని ఎర్రగీత ఉంది. 20 బార్ అనుకుని చాన్నాళ్ళు బాధపడ్డాను, అది ఎంపీఏ (మెగాపాస్కల్) అట. ఇక్కడ ఎవరికైనా పనికొస్తుందని చెప్తున్నా: 20 ఎంపీఏ అంటే 200 బార్, పీఎస్ఐలో 2900. కొన్ని గేజ్‌ల మీద 3000 పీఎస్ఐ అని ఉంటుంది, అది 207 బార్.

గెలాక్సీ_నల్లరాయి
ఒకే గాలికి ఇన్ని లెక్కలు ఏందన్నా.

పెన్నా_గట్టు
బ్లీడ్ స్క్రూ ఒక్కసారిగా తిప్పి చూశాను. బుడగలు తగ్గాయి గానీ ఆగలేదు. విప్పుతాను. ఎట్టా మొదలుపెట్టాలి?

ఒంగోలు_గిత్త
విప్పడం తేలికే. ముందు మూత తిప్పు, చెక్ వాల్వ్ బయటికి వస్తుంది. ఓ-రింగ్‌కి రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె వేస్తే జారుడుగా ఎక్కుతుంది.

పదిమీటర్లు
రెండూ తప్పే, గిత్త గారూ. లోపల గాలి ఉండగా ఏ మూతా తిప్పకూడదు. 90 బార్ అయినా సరే, మర చివరికి వచ్చేసరికి ఆ మూత తూటాలా ఎగురుతుంది. ముందు ట్యాంక్ ఖాళీ చెయ్యాలి. మాన్యువల్‌లో గాలి వదిలే స్క్రూ ఉంటే దానితో, లేకపోతే పెల్లెట్ లేకుండా సురక్షితమైన దిక్కున కాల్చుతూ కాల్చుతూ శబ్దం ఆగేదాకా. గేజ్ సున్నా చూపించినా ఇంకో రెండుసార్లు కాల్చు, ముల్లు ఇరుక్కుని ఉండొచ్చు.
ఇక నూనె సంగతి. కుట్టుమిషన్ నూనె, గ్రీజు, వ్యాసలీన్, కొబ్బరి నూనె ఏవీ వద్దు. పంపు గాలిని ఒక్కసారిగా నొక్కినప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడికి పెట్రోలియం నూనె ఆవిరి డీజిల్ ఇంజన్‌లో మండినట్టే మండుతుంది. శుద్ధమైన సిలికాన్ గ్రీజు మాత్రమే, అదీ వేలికొస మీద పొరలాగా.

ఒంగోలు_గిత్త
నేను ఏళ్ళ తరబడి అదే నూనె వాడుతున్నా, నాకేమీ కాలేదు.

దర్గామిట్ట_డేగ
హెల్మెట్ లేనివాళ్ళంతా ఇదే మాట అంటారు గిత్తన్నా.

ఒంగోలు_గిత్త
ఇంతకీ ఆ సిలికాన్ గ్రీజు ఎక్కడ దొరుకుతుందో చెప్పకుండా వద్దు వద్దు అంటే ఎట్టా?

పదిమీటర్లు
స్కూబా డైవింగ్ సామాన్లకి వాడేది ఆన్‌లైన్‌లో చిన్న డబ్బాల్లో దొరుకుతుంది. ఒక డబ్బా కొంటే మనవలు కూడా వాడుకుంటారు. స్ప్రే కొనొద్దు, అందులో వేరే ద్రావకాలు కలుస్తాయి.

పెన్నా_గట్టు
ఖాళీ చేసి విప్పాను. చెక్ వాల్వ్ చివర ఓ-రింగ్ ఒకవైపు చదునుగా అణిగిపోయి ఉంది, గోటితో లాగితే పగుళ్ళు కనిపిస్తున్నాయి. లోపల తెల్లటి పొడి లాంటిది కాస్త ఉంది. ప్రోబ్ మీద కూడా రెండు ఓ-రింగులుంటాయి కదా, వాటిలో ఒకదానికి చిన్న గాటు. ఆటోనగర్‌లో హైడ్రాలిక్ సీల్స్ అమ్మే షాపులో సైజు కొలిపించి తెచ్చుకున్నాను.

పదిమీటర్లు
షోర్ (రబ్బరు గట్టిదనం లెక్క) ఎంత అని అడిగావా? మామూలుగా వాళ్ళిచ్చేది 70. మన పనికి 90 కావాలి. 70ది మెత్తగా ఉంటుంది, 200 బార్‌కి సందులోకి ఉబ్బి చిరుగుతుంది. వారం బాగానే ఉండి మళ్ళీ కారుతుంది, అప్పుడు రైఫిల్‌నే తిట్టుకుంటాం.

పెన్నా_గట్టు
అడగలేదు. మళ్ళీ పోతా.

గెలాక్సీ_నల్లరాయి
ఆ తెల్లటి పొడి ఏంటి? మా ఊళ్ళో ఏది తెరిచి పెట్టినా రాతిపొడి పేరుకుంటుంది, అందుకని అడుగుతున్నా.

పదిమీటర్లు
పెన్నా ఊరికి సముద్రం దగ్గర, గాలిలో తేమ ఎక్కువ. వానాకాలంలో పంపు కొట్టిన గాలితో పాటు నీళ్ళూ లోపలికి పోతాయి. గాలిని నొక్కితే అందులోని తేమ నీటిబొట్లుగా దిగుతుంది. అల్యూమినియం భాగం మీద తెల్లగా, ఉక్కు ట్యూబు అయితే ఎర్రగా తుప్పు తేలుతుంది. ఎర్రగా లేదు కాబట్టి సంతోషించు.
నీకు మాత్రం రాతిపొడి నిజంగానే శత్రువు నల్లరాయీ. గాలి నింపే రంధ్రానికి మూత ఎప్పుడూ ఉండాలి. ప్రోబ్ పెట్టే ముందు ఓ-రింగ్ తుడవాలి. ఒక్క రేణువు చాలు దాన్ని గీరడానికి.

దర్గామిట్ట_డేగ
తేమకి నేను పంపు గాలి తీసుకునే వైపు సిలికా జెల్ ఫిల్టర్ పెట్టాను. నీలం గింజలు గులాబీ రంగుకి మారితే మార్చెయ్యాలి. నెల్లూరు ముసురులో ఎంత త్వరగా మారతాయో చెప్పనక్కర్లేదు. ఇంకొకటి, ఏకబిగిన కొట్టొద్దు. మధ్యలో ఆపి బ్లీడ్ తెరిచి నీళ్ళు బయటికి ఊదించి, పంపు చల్లారాక మళ్ళీ మొదలుపెట్టాలి. వేడెక్కిన పంపు సీల్స్ త్వరగా పోతాయి.

రొయ్యల_రేవు
పంపు హ్యాండిల్ కిందికి నొక్కి వదిలితే దానంతట అదే పైకి లేస్తోంది, ఇది దెయ్యమా? తమ్ముడు సెకండ్ హ్యాండ్ పంపు తెచ్చాడు.

పదిమీటర్లు
దెయ్యం కాదు, పంపు లోపలి వాల్వ్ సీల్ కారుతోంది. నొక్కిన గాలి వెనక్కి వచ్చి పిస్టన్‌ని పైకి తోస్తోంది. పెన్నాకి షాపాయన చెప్పిన "పంపు పోయింది" నీ విషయంలో నిజం. దానికీ సీల్ కిట్ దొరుకుతుంది, పంపు పారేయక్కర్లేదు.

రొయ్యల_రేవు
ఇంకో మాట. దీనితో చెరువు మీద వాలే నీటికాకుల్ని, కొంగల్ని తోలొచ్చా? రొయ్యలన్నీ వాటి పొట్టలోకే పోతున్నాయి.

వేదిక_పెద్ద
ఈ వేదికలో ఆ మాట ఇంతటితో ఆపండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, పిట్టని కొడితే కేసే. చెరువుకి వల గానీ అడ్డంగా దారాలు గానీ కట్టించుకోండి. కొనబోయేవాళ్ళకి కూడా ఇదే చోట చెప్తున్నా, 2016 ఆయుధ నియమాల ప్రకారం .177 దాటినా, మూతి దగ్గర శక్తి 20 జౌల్స్ దాటినా లైసెన్స్ కావాలి. బిల్లు దాచుకోండి.

పలకల_పొదిలి
నాదీ ఒకటుంది పెద్దలారా. నిన్న నింపాను. కాల్చితే టప్ మని చిన్న శబ్దం, పెల్లెట్ కాగితం దాకా కూడా పోలేదు. గాలి తక్కువైందేమో అని ఇంకొంచెం కొట్టాను. ఇప్పుడు అసలు పెల్లెట్ బయటికే రాలేదు. గేజ్ 20 దాటి ఎర్రగీత పైన ఉంది.

దర్గామిట్ట_డేగ
ఎంపీఏ పాఠం చెప్పింది నువ్వే కదా!

పదిమీటర్లు
వాల్వ్ లాక్. గాలి మరీ ఎక్కువైతే ట్యాంక్ ఒత్తిడి వాల్వ్‌ని ఎంత గట్టిగా మూసి పట్టుకుంటుందంటే, హ్యామర్ దెబ్బకి అది సరిగ్గా తెరుచుకోదు. కొద్ది గాలే వస్తుంది. జనం తక్కువైందనుకుని ఇంకా కొడతారు, ఇంకా బిగుసుకుంటుంది. ముందు బ్యారెల్‌లో ఇరుక్కున్న పెల్లెట్‌ని చూసుకో. రైఫిల్ కాక్ అయి ఉండకూడదు, సేఫ్టీ వేసి, క్లీనింగ్ కడ్డీతో వెనక్కి నెట్టి తియ్యి. తర్వాత గాలి వదిలే స్క్రూ ఉంటే దానితో కొద్దికొద్దిగా వదిలి 200 కిందికి తే. స్క్రూ లేకపోతే పెల్లెట్ లేకుండా కాల్చుతూ ఉండు, ఒక్కో దెబ్బకి కొంచెం కొంచెం దిగుతుంది. మూత మాత్రం తిప్పొద్దు.

పలకల_పొదిలి
స్క్రూ ఉంది. దించాను. మళ్ళీ ఠాప్ అంటోంది. పక్కింటి కుక్క సాక్ష్యం.

గెలాక్సీ_నల్లరాయి
ఇదంతా చదివాక పంపు మీద మనసు విరిగింది. సిలిండర్ పెట్టుకుంటే?

పదిమీటర్లు
లెక్క చెప్తా, నువ్వే తేల్చుకో. రైఫిల్ ట్యాంక్ 200 సీసీ అనుకుంటే 100 నుంచి 200 బార్‌కి తీసుకుపోవడానికి మామూలు గాలి 20 లీటర్లు లోపలికి పోవాలి. ఫైర్ సర్వీసు వాళ్ళు వీపున మోసే 6.8 లీటర్ల 300 బార్ సిలిండర్‌లో రెండు వేల లీటర్లకి కాస్త తక్కువ గాలి ఉంటుంది. అంటే చాలా నింపుళ్ళు వస్తాయి. వాడేకొద్దీ సిలిండర్ ఒత్తిడి దిగుతుంది, 200 కిందికి వచ్చాక రైఫిల్ కూడా అంతే నిండుతుంది. ఊపిరి గాలి కాబట్టి తేమ ఉండదు, అది పెద్ద లాభం. చిక్కేమిటంటే దాన్ని మళ్ళీ నింపేచోటు మన దగ్గర వెతుక్కోవాలి. అయిదేళ్ళకోసారి హైడ్రో టెస్ట్ (నీళ్ళ ఒత్తిడితో సిలిండర్ బలం చూసే పరీక్ష) కూడా చేయించాలి, ముద్ర చూడకుండా పాత సిలిండర్ కొనొద్దు.
రైఫిల్ సిలిండర్లకీ గడువుంటుంది. 10 మీటర్ల పోటీల్లో ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నియమం ప్రకారం పదేళ్ళు దాటినవి వాడకూడదు. తేదీ సిలిండర్ మీదే ఉంటుంది.

ఒంగోలు_గిత్త
12 వోల్టుల చిన్న కంప్రెసర్లు వస్తున్నాయి కదా, కారు బ్యాటరీకి తగిలించేవి. వాటి గురించి ఎవరూ మాట్లాడరేం?

దర్గామిట్ట_డేగ
నా దగ్గర ఒకటుంది. రైఫిల్ ట్యాంక్‌కి చాలు, పెద్ద సిలిండర్ నింపాలని చూస్తే వేడెక్కి చస్తుంది. వదిలేసి పక్కకి పోవద్దు, ఆటో కటాఫ్ ఉందని నమ్మి టీ తాగడానికి పోతే తిరిగొచ్చేసరికి బర్స్ట్ డిస్క్ (ఒత్తిడి మీరితే ముందుగా పగిలే రక్షణ బిళ్ళ) పేలిపోయి ఉంటుంది. తేమ ఫిల్టర్ దీనికి తప్పనిసరి.

పెన్నా_గట్టు
90 షోర్ ఓ-రింగులు దొరికాయి. చెక్ వాల్వ్‌కి ఒకటి, ప్రోబ్‌కి రెండూ మార్చాను. డేగ దగ్గర సిలికాన్ గ్రీజు ఉంటే అడిగి తెచ్చుకున్నాను. 200కి కొట్టి పెట్టాం, చల్లారాక 190, పొద్దున కూడా 190. మూడు చోట్లా సబ్బు పెట్టి చూశాను, ఒక్క బుడగ లేదు. బీరువా మీద పెట్టేటప్పుడు ఎంత ఉంచాలి?

పదిమీటర్లు
ఎప్పుడూ 100కి తక్కువ కాకుండా ఉంచు. గాలి ఉంటే వాల్వ్ మూసుకుని ఉంటుంది, మళ్ళీ ఈ తంతు ఉండదు. పెల్లెట్ లేకుండా, కాక్ చేయకుండా, పిల్లలకి అందకుండా తాళం వేసి.

పలకల_పొదిలి
బీరువా మీద కాదు, బీరువా లోపల.

ఒంగోలు_గిత్త
సరే, నూనె మానేస్తా. ఒంగోలులో ఎవరి దగ్గరైనా ఆ సిలికాన్ గ్రీజు ఉందా? ఓ-రింగులకి పట్టించేంత ఇస్తే చాలు. పంపు కూడా ఓసారి విప్పి తుడవాలి.

గెలాక్సీ_నల్లరాయి
రైఫిల్ ఇంకా కొనలేదు గానీ గ్రీజు మాత్రం ఆర్డర్ పెట్టేశాను గిత్తన్నా. రాగానే చెప్తా, కర్నూలు రోడ్డు వైపు వస్తే తీసుకో. వచ్చేటప్పుడు నీ రైఫిల్ తీసుకురా, ఒకసారి చూస్తా.